సగం ఆకు

పదో తరగతి సైన్సు రికార్డులో నేను రాసిన ప్రయోగాల్లో సగం చెయ్యనివే. గీతల పేజీలో రాత, తెల్ల పేజీలో బొమ్మ. అన్నింటికన్నా శ్రద్ధగా గీసిన బొమ్మ అర్ధపత్ర ప్రయోగానిది. కుండీలో మొక్క, పక్కకు వంచిన ఒక ఆకు, ఆ ఆకులో సగాన్ని లోపలికి తీసుకున్న వెడల్పు మూతి సీసా, నిలువునా చీల్చిన కార్కు, సీసా అడుగున కాస్త ద్రావణం. సారు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి సంతకం చేశారు. ఆ సీసాని నేను ముట్టుకున్నది లేదు, బీరువా అద్దంలోంచి చూశానంతే. 'పరిశీలన' అన్న చోట 'సీసా బయటనున్న సగభాగము నీలి నలుపు రంగులోకి మారినది' అని రాశాను. నేను పరిశీలించింది ముందు బెంచీవాడి రికార్డుని.

పోయినేడు ఆ బొమ్మ మళ్లీ నా ముందుకొచ్చింది. అశోక్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉండే అమ్మాయి పదో తరగతి. రికార్డు పట్టుకొచ్చి బొమ్మ మీద వేలు పెట్టింది.

"సగం ఆకే ఎందుకు పెట్టిండ్రు అంకుల్? మొత్తం ఆకు సీసాల పెడితే ఏమైతది?"

ప్రయోగం అంటే అలాగే ఉంటుందమ్మా అనబోయి ఆగాను. నాకు జవాబు తెలీదు. పదో తరగతిలో దానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

మా పేటలో ఇలాంటి ప్రశ్న వినిపించడం అరుదు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఎటు తలెత్తినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దుట్నించి రాత్రి దాకా తల ఎత్తరు. జెరాక్స్ దుకాణాల్లో జనరల్ సైన్సు బిట్లు కట్టలుగా దొరుకుతాయి. శాస్త్రీయ పద్ధతి కూడా అందులో ఒక బిట్టే. పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అన్న నాలుగు మాటల్ని నాలుగు రకాలుగా తారుమారు చేసి, సరైన వరసని గుర్తించమంటారు. ఆ పిల్లల్ని నేను తప్పు పట్టను. ఉద్యోగం అలా అడుగుతోంది, వాళ్లు అలా చదువుతున్నారు. కాకపోతే వరస నోటికొచ్చినవాడికి పద్ధతి వచ్చినట్టు కాదు. పద్ధతిని చేత్తో తడిమి చూడాలనుకుంటే, మన బడి బీరువాల్లో ఆ సగం ఆకు సీసాని మించిన వస్తువు ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాని పనితనం చూసినకొద్దీ ముచ్చటేస్తుంది.

ముందు దాని వెనకున్న తగువు చెప్పాలి. చెట్టుకి ఇంత ఒళ్లు ఎక్కడినుంచి వస్తుంది? మట్టిలోంచి అన్నది పాతకాలపు నమ్మకం. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు దీన్ని తూకం వేసి తేల్చాలనుకున్నాడు. ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. ఇంత ఓపిక, ఇంత నిజాయితీ. మట్టి కాదని తేలింది సరే, ఇక మిగిలింది నీళ్లే కాబట్టి చెట్టంతా నీళ్లతోనే తయారైందన్నాడు! గాలి ఆయన లెక్కలోకే రాలేదు. తమాషా ఏమిటంటే, 'గ్యాస్' అన్న మాటని లోకానికి ఇచ్చినవాడు ఆయనే. బొగ్గు కాల్చితే వచ్చే వాయువుని ప్రత్యేకంగా గుర్తించినవాడూ ఆయనే. ఆ వాయువే చెట్టు తిండి. తన చేతిలోని రెండు సంగతుల్నీ ఆయన ఒకచోట పెట్టి చూడలేదు. కొలత తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగకుండా పోయింది. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు 'పాపం, ఆ రోజుల్లో తెలియదు' అని దాటేస్తాం. దాటకూడని చోటు అదే.

తర్వాత పుదీనా మొక్కతో ప్రీస్ట్లీ, వెలుతురు సంగతి పట్టుకుంటూ 1779లో ఇంగెన్‌హౌజ్, ఆకులో పుట్టే పిండిపదార్థాన్ని అయోడిన్‌తో బయటపెడుతూ సాక్స్ వచ్చారు. ఇవన్నీ పాఠంలో ఉన్నవే. గాలిలోని కార్బన్ డై ఆక్సైడే ఆకుకి ముడిసరుకని చాలామంది ఒప్పుకున్న తర్వాత కూడా ఒక సందు మిగిలింది. మట్టిలోనూ ఆ వాయువు ఉంది కదా. వేళ్లు దాన్ని పీల్చి, కాండం గుండా ఆకుకి పంపడం లేదని ఏమిటి నమ్మకం? పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో ఈ సందు మూయడానికి కూర్చున్నవాడు డచ్ వృక్షశాస్త్రవేత్త యాన్ విల్లెం మోల్. మన రికార్డుల్లో 'మోల్ అర్ధపత్ర ప్రయోగం' అని రాసేది ఈయన పేరే.

ఇప్పుడు పక్కింటి అమ్మాయి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఆకుని తెంపి సీసాలో వేస్తే వేరుతో సంబంధం తెగిపోతుంది, మట్టి సంగతి తేలదు. మొత్తం ఆకుని సీసాలో పెట్టి, పక్క కొమ్మలోని ఇంకో ఆకుతో పోలిస్తే, 'అది ముదురాకు, ఇది లేతాకు' అని ఎవరైనా అడ్డం తిరగొచ్చు. 'దానికి ఎండ ఎక్కువ తగిలింది, దీనికి నీడ' అనొచ్చు. ఒకే ఆకుని సగం లోపల, సగం బయట ఉంచితే ఈ నోళ్లన్నీ ఒకేసారి మూతబడతాయి. వయసు ఒకటే, ఈనెలు ఒకటే, వేరు నుంచి వచ్చే నీరు ఒకటే. మట్టిలోంచి కార్బన్ వచ్చే దారే ఉంటే లోపలి సగానికీ అందాలి. అందితే అక్కడా పిండిపదార్థం పుట్టాలి. పుట్టలేదు.

ఇలా చూడటం మొదలుపెడితే ఆ బొమ్మలోని ప్రతి ముక్క వెనకా ఎవరో ఒక పెద్దమనిషి నిలబడి 'అయితే మరి...' అంటున్నట్టు ఉంటుంది. పరికరాల జాబితా అని మనం బట్టీ పట్టింది నిజానికి అనుమానాల జాబితా. పొటాషియం హైడ్రాక్సైడ్ ఎందుకు? సీసాలో గాలి ఉంది కదా అన్నవాడికి జవాబు. గాలినంతా తీసెయ్యకుండా అందులోంచి ఆ ఒక్క వాయువునే ఏరి తాగేస్తుంది. కార్కు అంచుకి వాజలైన్ ఎందుకు? బయటి గాలి లోపలికి జారిందేమో అన్నవాడికి జవాబు. ఆకుని ముందు నీళ్లలో, ఆ తర్వాత స్పిరిట్‌లో వేడిచేయడం ఎందుకు? పచ్చరంగు మీద నీలం కనబడుతుందా అన్నవాడికి జవాబు.

వీటన్నింటిలోకీ నాకు బాగా నచ్చిన పని ఆకుని ముట్టుకోకముందు జరుగుతుంది. మొక్కని రెండు రోజులు చీకట్లో పెట్టడం. రికార్డులో ఇది 'ముందుగా మొక్కలోని పిండిపదార్థమును తొలగించవలెను' అన్న ఒక్క వాక్యం. మార్కులు లేని వాక్యం కాబట్టి మొదట ఎగిరిపోయేదీ అదే. నిన్నటి ఎండలో తయారైన పిండి ఆకులో ఉండగా ఇవాళ పరీక్ష చేస్తే మనం చూసేది నిన్నటి సంగతి. చీకట్లో మొక్క ఆ నిల్వని తినేస్తుంది, ఆకు ఖాళీ అవుతుంది. కొత్త లెక్క రాయబోయే ముందు పలక తుడవడం లాంటిది ఇది.

ఈ పలక తుడిచే పని మన ఊరికి కొత్త కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ చేసింది అచ్చంగా ఇదే. దోమల్లో మలేరియా క్రిమి కోసం అప్పటికి రెండేళ్లుగా వెతుకుతున్నాడాయన. బూడిదరంగు దోమల్నీ చారల దోమల్నీ వందలకొద్దీ కోసి చూశాడు, ఏమీ లేదు. ఆఖరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని గాల్లోంచి పట్టుకోలేదు, నీళ్లలోని పిల్లపురుగుల నుంచి పెంచి పొదిగించాడు. అంటే ఆ దోమలు అప్పటిదాకా ఎవర్నీ కుట్టలేదు. వాటి కడుపులో ఏది కనబడినా అది ఆగస్టు 16న మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ని కుట్టినప్పుడు వచ్చిందే కావాలి, ఇంకెక్కడిదీ కాదు. 20వ తేదీన ఒక దోమని కోస్తే కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. మర్నాడు మిగిలిన దోమని కోస్తే అవే కణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే బతికున్నట్టే. చీకట్లో పెట్టిన మొక్క, ఎవర్నీ కుట్టని దోమ. చేసిన మనుషులు వేరు, దేశాలు వేరు, చేతివాటం ఒకటే. బేగంపేటలో ఆయన పేరున ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలబెట్టిన భవనం ముందునుంచి రోజూ వేల బళ్లు పోతుంటాయి. చిక్కడపల్లి పిల్లలకి అది సిటీ బస్సు దూరం. నోబెల్ బహుమతి 1902లో వచ్చిందన్న బిట్టు అందరికీ తెలుసు, పిల్లపురుగుల సంగతి ఎందరికి తెలుసో.

ఇంత పనితనమున్న వస్తువుని మనం ఏం చేశాం? రికార్డులో మొదటి గీత చూడండి. 'ఉద్దేశము: కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డై ఆక్సైడ్ అవసరమని నిరూపించుట.' నిరూపించుట! జవాబు ముందే చెప్పేశాక ఇంకా సీసా ఎందుకు, ఆకు ఎందుకు? పిల్లవాడి పని ఇక సాక్ష్యం చూడటం కాదు, సాక్షి సంతకం పెట్టడం. 'అవసరమో కాదో చూడటం' అని రాసి ఉంటే అదే సీసా వేరే వస్తువయ్యేది. బయటి సగం నీలం కాకపోతే ఏమిటి, రెండూ నీలమైతే ఏమిటి అని ఆలోచించే చోటు పిల్లవాడికి మిగిలేది. చిన్న మాట తేడా అనిపిస్తుంది కానీ, నా చేత చెయ్యని ప్రయోగాన్ని చేసినట్టు రాయించింది ఆ 'నిరూపించుట'యే. జవాబు తెలిసినప్పుడు చేసినా ఒకటే, రాసినా ఒకటే కదా.

భాష మీద నెపం పెట్టడానికి లేదు. ఈ చుట్టుపక్కల సైన్సుని తెలుగులో చెప్పుకోవడానికి పడిన శ్రమ చిన్నది కాదు. నిజాం రాజ్యంలో తెలుగు మాధ్యమానికి చోటు లేని రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగు బడి పెట్టించారు. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ ఆ పక్కనే హిమాయత్‌నగర్‌లో ఉండి, కళాశాల పాఠ్యపుస్తకాలూ పారిభాషిక పదాలూ తయారుచేసింది. 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాటనే తీసుకోండి. నోరు తిరగదని నవ్వుతాం కానీ దాన్ని విప్పి చూస్తే కిరణం వల్ల పుట్టేది, వేరువేరు వాటిని కలిపేది అని పాఠమంతా అందులోనే ఉంది. ఇంగ్లీషు మాటలో గ్రీకు రాని పిల్లవాడికి దొరికేది శూన్యం. మాటలు చేసినవాళ్లు తమ పని చేశారు.

పుస్తకాలు చేసినవాళ్లు కూడా ఒక ప్రయత్నం చేశారు. 2014 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో మారిన సైన్సు పుస్తకాల్లో కృత్యాలు నింపారు. విద్యాప్రమాణాల్లో 'ప్రశ్నించడం, పరికల్పన చేయడం' అన్నదాన్ని విడిగా చేర్చారు. ప్రశ్న అడిగినందుకు మార్కులు! ఎవరు ఆలోచించారోగాని గొప్ప ఆలోచన. కొన్నాళ్లకే గైడ్లు వచ్చాయి. 'ఈ ప్రయోగం గురించి నీవు అడుగు ప్రశ్నలు' అని నాలుగు ప్రశ్నలు అచ్చేసి ఇచ్చాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టారు. జవాబులు బట్టీ పట్టడం చూశాం, ప్రశ్నలు బట్టీ పట్టడం మనకే చెల్లింది.

సరే, ఆ అమ్మాయీ నేనూ మా మేడ మీద ఈ ప్రయోగం చేశాం. మందార కుండీ ఇంట్లోనే ఉంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని తినేస్తుంది, పిల్లల చేతికివ్వాల్సిన సరుకు కాదు. దాని బదులు కిళ్లీ కొట్టు సున్నం తెచ్చి నీళ్లలో కలిపి, దూది తడిపి సీసాలో పెట్టాం. సున్నం కొట్టిన గోడ గట్టిపడేది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని పీల్చుకునే కాబట్టి, ఇక్కడా ఆ పని చేస్తుందని మా ఊహ. మందుల దుకాణంలో అయోడినూ సర్జికల్ స్పిరిట్టూ దొరికాయి. స్పిరిట్ గ్లాసుని మంట మీద పెట్టలేదు. స్టవ్ ఆర్పేసి, దించిన వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాం. ఇది మాత్రం ఎవరు చేసినా ఇలాగే చెయ్యాలి, స్పిరిట్ భగ్గుమనే సరుకు.

మొదటిసారి రెండు సగాలూ నల్లబడ్డాయి.

"మోల్ తప్పు చెప్పిండా అంకుల్?" అంది.

ఆ ఒక్క మాట కోసం పది రికార్డులు చించెయ్యొచ్చు. తప్పు మోల్‌ది కాదు, నాది. రెండు రోజులు ఎవరాగుతారని చీకట్లో పెట్టే పని నేనే ఎగరగొట్టాను. ఎండలో ఉన్న మొక్కకే సీసా తగిలించాను. మార్కులు లేని వాక్యం అన్నానే, అదే. ఎందుకలా అయిందో ఆ అమ్మాయి పుస్తకం తిరగేసి తనే పట్టుకుంది. ఈసారి కుండీని మెట్ల కింద అరలో పెట్టి తలుపేశాం. మూడోనాడు తీసి, సీసా బిగించి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచాం. బయటి సగం నీలినలుపు. లోపలి సగం అయోడిన్ తాలూకు గోధుమరంగు తప్ప ఇంకే రంగూ లేదు. పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందని నేను గిన్నెలు సర్దుతుంటే ఆ పిల్ల ఇంకా ఆకునే చూస్తోంది.

"ఈ గీతేంది?"

సరిగ్గా కార్కు చీలికలో ఇరుక్కున్న చోట ఆకుకి అడ్డంగా సన్నటి పట్టీ. అదీ నీలం కాలేదు. లోపల కాదు, బయట కాదు. సున్నం అక్కడ లేదు. మరి ఎందుకు కాలేదు? కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. కార్కు కింద వెలుతురు లేదు అని చివరికి తనే అంది. అంటే ఒకే ఆకులో రంగు రాని చోట్లు రెండు, ఒకచోట గాలిలోని వాయువు లేక, ఇంకోచోట వెలుతురు లేక. ఫలితం ఒకేలా కనబడింది, కారణాలు వేరు. ఈ పట్టీ ఏ రికార్డు బొమ్మలోనూ లేదు. నేను గీసిన బొమ్మలో అసలే లేదు.

పొగడ్తలతో ఆపితే అన్యాయం, ఈ ప్రయోగంలో ఒక లోటుంది. లోపలి సగానికి కరువైంది కార్బన్ డై ఆక్సైడ్ ఒక్కటేనా? సీసాలో వేడి ఎక్కువ, తడి ఎక్కువ, గాలి కదలిక లేదు. రంగు రాకపోవడానికి ఇవి కారణం కావని చెప్పేదెవరు? మోల్ తర్వాత వచ్చిన జాగ్రత్తపరులు రెండో సీసా పెట్టమంటారు, అన్నీ అలాగే ఉంచి వాయువుని మాత్రం తీసెయ్యకుండా. మన బడి బొమ్మలో ఆ రెండో సీసా ఉండదు. అందులో ఉత్త నీళ్లు పోస్తే చాలదు. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పదివేల పాళ్లలో నాలుగు పాళ్లే, మూసిన సీసాలో ఉన్న ఆ కాస్తనీ ఆకు కొద్దిసేపట్లో వాడేసుకుంటుంది. వంటసోడా కలిపిన నీళ్లయితే వాయువు అందుతూ ఉంటుంది. ఇంకో మాట. ఇదే పరీక్ష ఉల్లికాడ మీద చేస్తే ఎంత ఎండలో ఉంచినా నీలం రాదు. ఉల్లి తన తిండిని పిండిగా కాక చక్కెరగా దాచుకుంటుంది. అయోడిన్ చెప్పేది పిండి ఉందా లేదా అన్నదే, ఆకు పనిచేసిందా లేదా అన్నది మనం దాన్నుంచి ఊహించుకున్నది. ఆ రెంటి మధ్య ఎడాన్ని పిల్లలకి చూపించడానికి అయిదు రూపాయల ఉల్లికాడలు చాలు, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో దొరుకుతాయి.

ఆ అమ్మాయి రికార్డులో ఈ ప్రయోగానికి రెండు బొమ్మలున్నాయి. పుస్తకంలో ఉన్నది ఒకటి, కార్కు పట్టీతో తను గీసుకున్నది ఇంకోటి. మార్కులు మొదటిదానికే వచ్చాయి. ఉపాధ్యాయులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. ఈసారి ఉద్దేశం రాయించేటప్పుడు ఆ 'నిరూపించుట' కొట్టేయించండి. మొక్కని రెండు రోజులు చీకట్లో ఉంచండి. రెండో సీసాలో వంటసోడా మరవకండి.